ఈటె కొనేముందు గొట్టంలోకి చూడండి

పోయిన నెల ఈ శీర్షికలో చేతికర్ర గురించి రాశాను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకున్నాక, తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు కాలినడకన వెళ్ళే భక్తులకు కర్రలు ఇచ్చిన సంగతి అందులో ఉంది. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే అడిగాయి: ఆ కర్ర చివర ఇనుప మొన ఉంటే ఇంకా మంచిది కదా అని. అందుకే ఈ నెల అన్నీ ఈటెల ప్రశ్నలే తీసుకున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ళకు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా నాన్న మార్కాపురం దగ్గర ఒక పల్లెలో కమ్మరి. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు నల్లమలలో అటవీశాఖ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈటె తయారయ్యే చోటు తెలుసు, అది పనికిరాని చోటు కూడా తెలుసు.

ప్రశ్న: సార్, ఆన్‌లైన్‌లో 2,800 రూపాయలు పెట్టి ఒక ఈటె మొన కొన్నాను. బ్లేడు తొమ్మిదిన్నర అంగుళాలు, స్టెయిన్‌లెస్ స్టీలు అని రాశారు. డిసెంబరులో ఫ్రెండ్స్‌తో నల్లమల ట్రెక్‌కి వెళ్తున్నాం. ఎలుగుబంట్లు ఉంటాయంటే టెన్షన్‌గా ఉంది. దీన్ని కర్రకు బిగించి తీసుకెళ్ళొచ్చా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: వద్దు బాబూ. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 31వ సెక్షన్ ఉంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారం ఉన్న ఇంకో అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప అభయారణ్యంలోకి ఎవరూ ఆయుధంతో అడుగు పెట్టకూడదు. ఆ చట్టం దృష్టిలో కత్తి, వల, కొక్కెం కూడా ఆయుధాలే. ఇక ఈటె సంగతి చెప్పేదేముంది? ప్రాణం కాపాడుకోవడానికి జంతువును గాయపరిస్తే తప్పు కాదని అదే చట్టం అంటుంది. కానీ ఆ సమయానికి మీరే చట్టాన్ని ఉల్లంఘిస్తూ లోపల ఉంటే ఆ వెసులుబాటు మీకు వర్తించదు. ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో కూడా ఐదో కేటగిరీలో కత్తులు, బాకులతో పాటు ఈటెల పేరు విడిగా రాసి ఉంది. కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. చెక్‌పోస్టు దగ్గర మీ డిక్కీలో ఇది కనిపిస్తే ట్రెక్ అక్కడితో సరి.

ఇక ఎలుగుబంటి సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్న చేత ఒక ఈటె చేయించుకుని ఒక ఎండాకాలమంతా మోశాను. పెచ్చెరువు దారిలో ఒకరోజు తెల్లవారుజామున ఎలుగు ఎదురైంది, ఇరవై అడుగుల దూరంలో. చేతిలో ఈటె ఉందన్న సంగతే నాకు గుర్తు రాలేదు. పక్కనున్న చెంచు వాచర్ నా భుజం పట్టుకుని కదలనివ్వలేదు. మెల్లగా, మామూలు గొంతుతో, ఎవరో చుట్టాన్ని పలకరించినట్టు దానితో మాట్లాడుతూ నన్ను వెనక్కి నడిపించాడు. అది పొదలోకి పోయింది. ఎలుగు ఎక్కువగా ఉలిక్కిపడి మీద పడుతుంది. మీరు వస్తున్నట్టు దానికి ముందే తెలియాలి. గుంపుగా, కబుర్లు చెప్పుకుంటూ నడవండి. ఎదురైతే పరిగెత్తకండి.

నన్ను ఆ ఈటె మానిపించింది మాత్రం ఎలుగు కాదు. వానాకాలం మొదట్లో వాగులోకి దిగుతూ తడి ఆకుల మీద జారాను. మొన పైకి పెట్టి భుజాన వేసుకున్నాను, ఒర లేదు. మొన నా ముందు నడుస్తున్న మనిషి వీపుసంచీని చీల్చుకుని లోపలున్న సత్తు టిఫిన్ డబ్బాకు తగిలి ఆగింది. ఆ డబ్బా లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించండి. అడవిలో మనిషిని ఎక్కువగా గాయపరిచేది తన చేతిలోని ఇనుమే.

కొన్నది ఎలాగూ కొన్నారు కాబట్టి అది ఎలాంటిదో చూసుకోండి. అందరూ బ్లేడు మెరుపు చూస్తారు. మీరు తిరగేసి కర్ర దూర్చే గొట్టంలోకి చూడండి. బ్లేడు, గొట్టం ఒకే ఇనుముతో సాగదీసినవా, లేక రేకు గొట్టం చేసి బ్లేడుకు వెల్డింగ్ పెట్టారా? వెల్డింగైతే విరిగేది అక్కడే. గొట్టం లోపలికి పోయేకొద్దీ సన్నబడాలి. నీళ్ళ పైపులా ఒకే వెడల్పుతో ఉంటే కర్ర ఎప్పటికీ బిగుసుకోదు. గొట్టం లోతు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలి. తర్వాత కొత్త ఆకురాయి తీసుకుని బ్లేడు అంచు మీద ఒకసారి గీయండి. వెన్నలా తెగితే ఇనుము మెత్తన, రెండు రాళ్ళకు తగిలితే మొన వంగుతుంది. గాజు మీద గీసినట్టు జారిపోతే మరీ గట్టిది, విరుగుతుంది. కష్టపడి కొంచెం కొరికితే సరైనది. తొమ్మిదిన్నర అంగుళాల బ్లేడు నా లెక్కలో ఎక్కువే. ఆరు చాలు. బరువు 250, 300 గ్రాములు దాటితే చేయి గంటలో అలిసిపోతుంది.

ప్రశ్న: అయ్యా, శనగ చేనుకి పందుల కాపలా ఉంటాను. మంచె మీద ఈటె పెట్టుకుంటాను. ఎండాకాలం రాగానే మొన వదులైపోయి ఊడి చేతికొస్తోంది. మేకు కొట్టాను, మళ్ళీ అంతే. నీళ్ళలో నానబెడితే వారం ఆగుతోంది. ఏం చేయాలి?
(రైతు, అన్నమయ్య జిల్లా)

జవాబు: అన్నా, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు నచ్చిన ప్రశ్న నీదే. కొనేవాళ్ళంతా మొన గురించి అడుగుతారు, వాడేవాడు అతుకు గురించి అడుగుతాడు.

నానబెట్టడం వెంటనే మానెయ్. నీళ్ళు తాగిన కర్ర ఉబ్బుతుంది. చుట్టూ ఇనుము ఉంది కాబట్టి ఉబ్బడానికి చోటు లేక దాని పోగులు నలిగిపోతాయి. ఆరాక మునుపటికంటే సన్నబడుతుంది. ప్రతిసారీ వదులు పెరుగుతూనే ఉంటుంది. నీ కర్ర పచ్చిగా ఉన్నప్పుడు బిగించి ఉంటావు, అసలు తప్పు అదే. కర్ర కొట్టాక నీడలో, నిలువుగా ఆనించి, కనీసం ఆరు నెలలు ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది.

ఏ కర్ర అంటావేమో. మా నాన్న పారకైనా గొడ్డలికైనా కామ కోసం మొదట చిరుమాను అడిగేవాడు. బండి ఇరుసులకు వాడిన చెక్క అది, దెబ్బకు ఆగుతుంది. దొరక్కపోతే తడ. అది విల్లులా వంగి మళ్ళీ లేస్తుంది. తుమ్మ బరువు, కానీ నీ పనికి సరిపోతుంది. టేకు తలుపులకు బాగుంటుంది గానీ ఈటెకు వద్దు, దెబ్బకు పుటుక్కుమంటుంది. రక్షిత అడవిలోకి పోయి నరకొద్దు, అడితిలో కొను. వెదురైతే లోపల డొల్ల తక్కువున్న సాధన వెదురు చూడు. వానలు పోయి చలి మొదలయ్యాక కొట్టినదైతే పుచ్చు తక్కువ పడుతుంది. గొట్టం మూతి దగ్గరికి ఒక కణుపు వచ్చేలా కోసుకో. కణుపుకు దూరంగా బిగిస్తే మొదటి పోటుకే చీలుతుంది.

ఇప్పుడు బిగించడం. కర్ర చివరను గొట్టం లోపలి ఆకారానికి సుమారుగా చెక్కు. కిరోసిన్ దీపం మసి గానీ, పెనం అడుగు మసి గానీ కాస్త నూనెలో కలిపి గొట్టం లోపల పూయి. కర్రను లోపలికి తోసి, ఒకసారి తిప్పి, బయటికి తీయి. ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడే ఎత్తుగా ఉందన్నమాట. గాజుపెంకుతో అంతవరకే గీకు. మళ్ళీ తోయి, మళ్ళీ చూడు. పది పన్నెండుసార్లు చేశాక మసి ఒకచోట మచ్చలా కాకుండా కర్ర చుట్టూ సమంగా పడుతుంది. చిన్నప్పుడు ఈ పని నాకు పెట్టేవాడు నాన్న. సాయంత్రానికి చేతులు, మొహం నల్లగా ఉండేవి. అమ్మ తిట్లు నాన్నకు పడేవి.

సమంగా కూర్చున్నాక మొన కిందికి పెట్టి పట్టుకుని, కర్ర పై చివర మీద కొయ్య సుత్తితో కొట్టు. మొనను నేలకు ఆనించొద్దు, గాల్లోనే ఉంచు. గొట్టం తన బరువుకే పైకి ఎక్కుతుంది. గొడ్డలి బిగించేటప్పుడు చేసేది ఇదే కదా. చివర్లో గొట్టానికి అడ్డంగా ఒకటే బెజ్జం వేసి, ఇనుప సీల దూర్చి, రెండు వైపులా తల కొట్టు. రెండు సీలలు వేస్తే కర్ర బలహీనపడుతుంది. మేకు వద్దు. మేకు చీలుస్తుంది, సీల పట్టుకుంటుంది. ఎప్పుడైనా లోపల కర్ర విరిగి ముక్క ఇరుక్కుంటే దాన్ని డ్రిల్లుతో తీయి. చాలామంది నిప్పుల్లో పెట్టి కాల్చేస్తారు. కర్ర బూడిదవుతుంది, దానితో పాటు మొనకు కొలిమిలో పెట్టిన పదునూ, అంటే గట్టిదనమూ పోతుంది. ఆ ఇనుము మళ్ళీ కొలిమి చూడాల్సిందే.

ఏడాదికి రెండుసార్లు కర్రకు అవిసె నూనె, మొనకు ఆముదం పెట్టు. పొడవు నీ ఎత్తుకు ఒక బెత్తెడు ఎక్కువ ఉంటే చాలు. అడుగు చివర ఒక పొన్ను వేయించుకో, కర్ర అరగదు. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. పందిని బెదిరించి తరుముకో. పొడిస్తే అది వేట కిందికే వస్తుంది.

ప్రశ్న: సార్, నేను మెకానికల్ ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. లారీ కమాన్ పట్టీతో మా ఊరి కమ్మరి దగ్గర ఈటె మొన చేయించాను. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాం. మామిడి చెట్టుకేసి విసిరితే మొదటిసారికే అంగుళం ముక్క విరిగి ఎగిరింది. స్టీలు మంచిది కాదా?
(విద్యార్థి, అనంతపురం)

జవాబు: స్టీలు మంచిదే నాయనా. మీరు సగం పని చేసి ఆపేశారు. కమాన్ పట్టీలో కార్బన్ అర శాతం నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పగులుతుంది. పైగా ఆ రకం స్టీలు నూనెలో ముంచాల్సింది. నీళ్ళు మరీ తొందరగా చల్లారుస్తాయి, కంటికి కనిపించని పగుళ్ళు పడతాయి.

ఇంకోసారి ఇలా చేయించు. పాత పట్టీ వద్దు. లక్ష మైళ్ళు తిరిగిన పట్టీలో ముందే పగుళ్ళు ఉండొచ్చు. కమాన్ కట్టల షాపులో కొత్త పట్టీల తుంపులు తూకానికి అమ్ముతారు. కాల్చేటప్పుడు అయస్కాంతం దగ్గర పెట్టుకో. సుమారు 770 డిగ్రీలకు ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత ఇంకొంచెం రంగు తేలే దాకా ఉంచి, గోరువెచ్చని నూనెలో బ్లేడు మాత్రమే ముంచు. గొట్టాన్ని ముంచొద్దు, అది మెత్తగానే ఉండాలి. నూనె భగ్గుమంటుంది, మూతపెట్టడానికి రేకు పక్కన పెట్టుకో. ఇంట్లో చేయకు.

చల్లారాక బ్లేడును గరుకు కాగితంతో తెల్లగా మెరిసేలా రుద్ది, ఇప్పుడు గొట్టం వైపు నుంచి మెల్లగా వేడి చెయ్యి. రంగులు పరిగెత్తుకుంటూ మొన వైపు వస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, అది 220, 230 డిగ్రీలు. తర్వాత గోధుమ, వంకాయ రంగు, ఆ వెనకే 300 దగ్గర నీలం. బ్లేడు నడుమంతా నీలమై, మొన కొస వంకాయ రంగుకు రాగానే ఆపేసి చల్లార్చు. కొస గట్టిగా, నడుము స్ప్రింగులా, గొట్టం మెత్తగా ఉంటుంది. మా నాన్నకు డిగ్రీలు తెలీవు. కొలిమి దగ్గర కిటికీ మూసేసి, చీకట్లో ఎరుపు చూసేవాడు. మధ్యాహ్నం ఎండలో కాలిస్తే రంగు తక్కువ కనిపించి ఇనుము మాడిపోతుందని ఆ పని పొద్దుగూకాకే పెట్టుకునేవాడు.

ఇంకోటి, విసరడానికి చేసే ఈటె వేరు, పొడవడానికి చేసేది వేరు. వెడల్పు ఆకులాంటి మొన విసిరితే అడ్డం తిరిగి తగులుతుంది. అప్పుడు ఎంత మంచి పదునైనా ఆగదు. మామిడి చెట్టు చేసిన పాపం కూడా ఏమీ లేదు.

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లో ఉంటాం. ఆఫీసులో ఒక అమెరికన్ ఫ్రెండ్‌కి రాంచ్ ఉంది, అడవిపందుల బెడద. తుపాకీ కాకుండా ఈటెతో వెళ్దాం రమ్మంటున్నాడు. జూలూ స్టైల్ అసెగై, బోర్ స్పియర్ అని రెండు రకాలు చూపించాడు. ఏది తీసుకోవాలి?
(పాఠకుడు, టెక్సస్)

జవాబు: అక్కడ చట్టం మీకు అడ్డు రాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి స్థలం యజమాని ఒప్పుకుంటే అక్కడి అడవిపందుల వేటకు లైసెన్సు కూడా అక్కర్లేదు. 2017 వరకు ఈటె వెంట పెట్టుకుని తిరగడం మీద ఉన్న నిషేధం కూడా పోయింది. బడుల లాంటి కొన్ని చోట్లకు తీసుకెళ్ళకూడదు, అంతే.

నేను ఏ జంతువునూ ఈటెతో పొడవలేదు, పొడవమని చెప్పే మనిషినీ కాను. కానీ ఆ రెండిటిలో తేడా అడిగారు కాబట్టి చెబుతాను. జూలూ స్టైల్ అసెగై అంటే దక్షిణాఫ్రికా జూలూ తెగవాళ్ళ ఇక్ల్వా, పొట్టి కర్రకు పొడవాటి బ్లేడు. డాలు పట్టుకున్న మనిషి ఇంకో మనిషి మీదికి దూకడానికి చేసింది. పందికి అది తప్పు పనిముట్టు. పంది పోటు తగిలితే వెనక్కి పోదు, కర్ర వెంబడే ముందుకు తోసుకొస్తుంది. అందుకే యూరప్‌లో పాతకాలం పందివేటకు వాడిన బోర్ స్పియర్‌కు (జర్మన్లు జౌఫేడర్ అంటారు) బ్లేడు కింద రెండు వైపులా అడ్డకమ్మీ ఉంటుంది. అది ఆపకపోతే కోర మీ తొడ దాకా వస్తుంది. కర్ర లావుగా, ఆరడుగులకు తగ్గకుండా, చెమటకు జారకుండా తోలుపట్టీలు చుట్టి ఉండేది.

అమ్మకానికి వచ్చే వాటిలో అడ్డకమ్మీ అలంకారానికి పెట్టినవి ఉంటాయి. కమ్మీని బెంచీ వైసులో బిగించి లాగి చూడండి. ఇన్ని చెప్పాక నా సలహా: మీ ఫ్రెండ్ ముందు వెళ్ళనివ్వండి, మీరు ట్రక్కు మీద నిలబడి ఫోటోలు తీయండి.

ప్రశ్న: మా అబ్బాయికి పధ్నాలుగేళ్ళు. ఏవో సర్వైవల్ వీడియోలు చూసి వంటింటి చాకును కర్రకు తాడుతో కట్టి ఈటె అంటూ తిరుగుతున్నాడు. తిడితే వినడు. ఏం చేయమంటారు?
(గృహిణి, వరంగల్)

జవాబు: చాకు లాక్కోండమ్మా, కానీ కర్ర లాక్కోకండి. వాడితో ఇలా చెప్పండి: అడవిలో తప్పిపోయినవాడికి ఉన్న ఒకే ఒక్క చాకును కర్రకు కట్టేస్తే, అది ఊడి వాగులో పడిన క్షణం నుంచి వాడి దగ్గర చాకు లేదు. తాడు తడిస్తే సాగుతుంది, ఊడక మానదు. చాకుతో కర్రనే చెక్కుకోవాలి.

ఒక వెదురు ముక్క ఇచ్చి, మీ ఎదురుగా, ఏటవాలుగా మొన చెక్కమనండి. నిప్పులో కాలిస్తే గట్టిపడుతుందని వీడియోల్లో చెబుతారు. 2016లో ఇంగ్లండ్‌లో ఇద్దరు పరిశోధకులు హేజెల్ కర్రలతో పరీక్షించి చూస్తే, కాల్చిన మొన కొద్దిగా గట్టిపడింది గానీ బాగా పెళుసైంది. కాల్చినా కాల్చకపోయినా వాడి చేతికి ఒక పని దొరుకుతుంది. తర్వాత ఆ మొనతో పెరట్లో కంద తవ్వమనండి. నల్లమలలో చెంచులు గడ్డలు తవ్వుకునే కర్రకు కొసన ఇనుప మొన ఉంటుంది. అడవిలో కడుపు నింపేది ఆ కర్రే అని వాడికి చెప్పండి. ఒక గంట తవ్వితే సర్వైవల్ ఉత్సాహం కాస్త చల్లబడుతుంది కూడా.

ప్రశ్న: కొర్రమీను కోసం నాలుగు పళ్ళ శూలం చేయించాను. నీళ్ళు నిలకడగానే ఉన్నాయి, చేప కళ్ళముందే ఉంది, అయినా ప్రతిసారీ దాని పైనుంచే పోతోంది. లోపం శూలంలోనా నాలోనా?
(పాఠకుడు, కోనసీమ)

జవాబు: నీళ్ళలో. నిటారుగా చూసినా నాలుగడుగుల లోతున్న చేప మూడడుగుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా మోసం. కనిపించిన చోటికి కాకుండా దాని కిందికి గురిపెట్టాలి. అంతకంటే తేలికైన మార్గం ఉంది. పళ్ళను ముందే మెల్లగా నీళ్ళలోకి దించి పెట్టుకోండి. అప్పుడు చేప, పళ్ళు రెండూ ఒకే తీరుగా పైకి జరిగినట్టు కనిపిస్తాయి, లెక్క కట్టే పని తగ్గుతుంది. విసరొద్దు, తోయండి. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, ఆ చోటు గుర్తుపెట్టుకుని కదలకుండా ఉండండి. దాని చుట్టూ ఎర్రని పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం ఆ రోజుకి ఇంటికి వచ్చేయండి, తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి.

పళ్ళు నాలుగైదు అంగుళాల వెడల్పులోకి విచ్చుకుని, ఒక్కో దానికి లోపలి వైపు ముల్లు ఉండాలి. బయటి వైపు ముల్లుంటే నాచు పట్టుకుంటుంది.

ప్రశ్న: మీ నాన్నగారు చేసిన ఆ ఈటె ఇప్పుడు ఎక్కడుంది?
(పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: మా పెరట్లో. బ్లేడును సగానికి కోయించి కొక్కెంలా వంచి దోటి చేశాం, మా ఆవిడ ములక్కాయలు కోస్తుంది. కర్ర నాలుగుసార్లు మారింది. గొట్టం అదే, ఇంతవరకు ఊడలేదు.